డొంక ఎవరిది?

మధ్యాహ్నం చీరాలలో రైలు దిగిన మా చెల్లెలు, సంచిలో విప్పి తెచ్చుకున్న సైకిల్‌ని స్టేషను బయటే బిగించుకుని పర్చూరు బయల్దేరింది. మెయిన్ రోడ్డున వస్తే గంట, గంటంబావు. తను నాలుగు గంటలు తీసుకుంది. కారంచేడు దగ్గర కొమ్మమూరు కాలువ కట్ట ఎక్కి, కొంతదూరం పోయి, మళ్లీ పొలాల్లోకి దిగి, డొంకల వెంబడి దారి అడుక్కుంటూ మా బాబాయి మిరప కల్లానికి చేరింది. పిల్లకాలువ తెగి డొంక మీద నీళ్లు పారిన చోట దిగబడిందట, ముందు చక్రానికి గుప్పెళ్లకొద్దీ నల్లరేగడి. వెనక టైరులో రెండు సర్కారు తుమ్మ ముళ్లు.

ఫిబ్రవరి నెల. రెండో కోత కాయ కల్లంలో ఉంది. అయిదుగురు ఆడవాళ్లు కూర్చుని తాలు ఏరుతున్నారు. మంచు పడకముందే కాయను కుప్పచేసి కప్పాలని బాబాయి పట్టాలు సర్దుతున్నాడు. చెల్లెలు హైదరాబాదులో ఉద్యోగం చేస్తుంది. సెలవు దొరికితే సైకిల్ మీద ఊళ్లు తిరుగుతుంది. పదమూడున్నర గంటల్లో రెండు వందల కిలోమీటర్లు తొక్కాల్సిన బ్రెవేలు కొన్ని పూర్తి చేసింది. బాబాయి ఈ రేగడిలో యాభై ఏళ్లుగా పత్తి, మిరప, శనగ వేస్తున్నాడు. ఇద్దరికీ సైకిల్ అంటే ఇష్టమే. అయినా ఆ సాయంత్రం కల్లంలో మొదలైన వాదన రాత్రి అన్నాల దాకా సాగింది. విన్నది విన్నట్టు రాస్తున్నాను. నా మాట కలిపిన చోట నాదేనని తెలుస్తుంది.

బాబాయి: తారురోడ్డు ఉండగా ఈ తిప్పలేందమ్మా? ఒంటరిగా ఆడపిల్లవి. ఆ కట్ట మీద పడితే చూసే దిక్కు కూడా ఉండదు.

చెల్లెలు: తారురోడ్డు మీద పడితే చూసేవాళ్లు చాలామందే ఉంటారు బాబాయ్. లేపేసరికి నేను ఉండొద్దూ? 2022లో మన దేశంలో రోడ్ల మీద పోయినవాళ్లు 1,68,491 మంది. అందులో నడిచేవాళ్లు ముప్ఫై రెండు వేల పైన. సైకిల్ తొక్కేవాళ్లు సుమారు నాలుగు వేల ఎనిమిది వందలు. వాడరేవు నుంచి పిడుగురాళ్లకు పోయే ఈ హైవే మీద చిలకలూరిపేట లారీ పక్కనుంచి పోతుంటే ఆ గాలికే హ్యాండిల్ వణుకుతుంది.

బాబాయి: నేననేదీ అదే. ఆ రోడ్డు మీద సైకిల్‌కి చోటు అడగాలి. బడి పిల్లలు దాని మీదే పోతారు, పాలవాడు దాని మీదే పోతాడు. నువ్వు పక్కదారి పట్టి పోతే, ఆ రోడ్డు కాడ చోటు అడిగే నోరు ఒకటి తగ్గుద్ది. మీ బోటివాళ్లంతా కట్టలమీద తిరుగుతుంటే, ఇంజినీరు ఏమనుకుంటాడు? సైకిలోళ్లకు వేరే దారి ఉందిలే అనుకుంటాడు.

(ఈ మాటకు తను కాసేపు జవాబు చెప్పలేదు. నిజానికి ఆ సాయంత్రం మొత్తంలో బాబాయి అన్న బలమైన మాట ఇదేనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. దీనికి పూర్తి జవాబు తర్వాత కూడా రాలేదు.)

చెల్లెలు: రెండూ అడగాలి బాబాయ్. ఒకటి అడిగితే రెండోది వదిలేయాలని ఎక్కడుంది? ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చే పథకాలు వచ్చాయి గదా. బీహారులో 2006లో మొదలుపెట్టారు. తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లల సంఖ్య మూడో వంతుకు దగ్గరగా పెరిగిందని కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. మన రాష్ట్రంలోనూ ‘బడికొస్తా’ పేరుతో ఇచ్చారు. చేతికి సైకిల్ ఇచ్చి కాలి కింద దారి ఇవ్వకపోతే ఎట్లా? ఊరి నుంచి ఊరికి డొంక సూటిగా పోతుంది. తారురోడ్డు అన్ని ఊళ్లనూ పలకరించుకుంటూ చుట్టు తిరుగుతుంది. ఆ డొంక బాగుంటే ఉప్పుటూరు పిల్లయినా అడుసుమల్లి పిల్లయినా లారీ మొహం చూడకుండా బడికి రావచ్చు.

బాబాయి: బడి పిల్ల కోసమైతే నేనేమీ అడ్డు చెప్పను. నువ్వు వచ్చింది బడి కోసం కాదు గదా. పొద్దున ఫోనులో ఏమన్నావు? ట్రాఫిక్ లేని దారి, పట్నం నుంచి సైకిలోళ్లు వచ్చి తిరిగే దారి అన్నావు.

చెల్లెలు: అన్నాను. ఇక్కడ అట్లాంటి దారి వేయక్కర్లేదు, ఉంది. అదే నా మాట. పర్చూరులో బయల్దేరి, డొంకల్లో కొమ్మమూరు కాలువ చేరి, కట్ట వెంబడి పెదగంజాం దాకా పోవచ్చు. ఈ కాలువ బకింగ్‌హాం కాలువలో కలిసేది అక్కడే. అక్కణ్ణించి మోటుపల్లి. తిరుగు దారిలో వేటపాలెం, 1918 నాటి సారస్వత నికేతనం గ్రంథాలయం. సాయంత్రానికి చీరాలలో రైలు. రోజంతా తొక్కినా హైవేని దాటడమే గానీ దాని మీద పోవాల్సిన పని పెద్దగా ఉండదు. కాలువ కట్ట కొత్తగా పుట్టింది కాదు. పడవల కాలంలో మనుషులు తాళ్లు భుజాన వేసుకుని ఈ గట్టు మీద నడుస్తూనే పడవల్ని లాగారు. బియ్యమూ, ఉప్పూ మనుషుల అడుగుల మీదే కదిలాయి. ఆ అడుగులు నడిచిన గట్టుకు ఎక్కడా ఎత్తుపల్లాలు లేవు. సైకిల్‌కి ఇంతకన్నా ఏం కావాలి?

బాబాయి: ఆ కాలువను 2008లో జాతీయ జలమార్గం అని ప్రకటించారు. గోదావరి, కృష్ణ, బకింగ్‌హాం అన్నీ కలిపి నాలుగో నంబరు ఇచ్చారు. పదహారు, పదిహేడేళ్లు గడిచినా మన వైపు ఒక్క పడవ ఆడలా. పేరు పెట్టడం తేలిక తల్లీ. హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు పక్కన మీకు వేశారు గదా, పైన సోలారు కప్పు వేసి. అక్కడ తొక్కు.

చెల్లెలు: తొక్కుతాను. 2023 అక్టోబరులో తెరిచారు, ఇరవై మూడు కిలోమీటర్లు. మంచి పనే, కాదనను. అయితే చాలామంది అక్కడికి కారులో సైకిల్ పెట్టుకుని రావాలి. తొక్కినంతసేపూ పక్కన కార్ల మోతే. ఒక ఊరు నుంచి ఇంకో ఊరికి చేర్చే దారి కాదది. నాకు కావాల్సింది ఊళ్లు.

బాబాయి: ఆ ట్రాఫిక్ లేదనే మాట దగ్గరే నాకు మంట. డొంకలో ట్రాఫిక్ లేదని నీకెవరు చెప్పారు? నువ్వు వచ్చిన పూట లేదు. అంతే. చెబుతా విను.

తొలకరికి ట్రాక్టర్లు గొర్రు, గుంటక తోలుకుని దిగుతాయి. పత్తి గింజ పెట్టేప్పుడు ఆడవాళ్లు పొద్దున్నే బారు కట్టి నడుస్తారు. భాద్రపదంలో మిరప నారు ట్రేలు ఆటోల్లో వస్తాయి. ఆ నారు ఎండకు వాడకూడదు కాబట్టి ఆటోవాడు ఎవరికోసమూ ఆగడు. వాన పడితే రేగడి సంగతి నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. చెప్పు వేసుకుని నాలుగడుగులు వేస్తే కాలికి అయిదు కిలోల మట్టి. ఆ నెలా రెండు నెలలు డొంకలో సైకిల్ కాదు, కుక్క కూడా పరుగెత్తలేదు. కార్తీకం నుంచి మందు కొట్టుడు. డ్రమ్ములు, తైవాన్ పంపులు, ట్యాంకర్లు. 2021లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు పొలం మీద మందు వాసన ఆరలేదు, అయినా పైరు దక్కలేదు. ఆ గాలిలో గుండె నిండా ఊపిరి పీలుస్తూ సైకిల్ తొక్కుతావా? పుష్యంలో పత్తి తీతలు, బోరాలు. ఇప్పుడు చూడు, శనగ కోత మిషన్లు దిగుతున్నాయి. డొంక మొత్తం దాని వెడల్పే. ఇంకో పది రోజుల్లో టిక్కీలు కట్టి కోల్డ్ స్టోరేజీకి తోలతాం. రాత్రింబవళ్లు ట్రాక్టర్లే. అన్నిటి మధ్యా గేదెలు. వాటికి వేళ ఉంది, పొద్దున తొమ్మిది, సాయంత్రం అయిదు. నీకు ఖాళీగా కనపడింది రెండు పనుల మధ్య సందు. పని లేని చోటు కాదది.

చెల్లెలు: ఒప్పుకుంటాను.

బాబాయి: ఊరికే ఒప్పుకుంటే కాదు. రేపు నలుగురు సైకిలోళ్లు వస్తారు. ట్రాక్టరు తోలేవాడు హారన్ కొడతాడు. వాళ్లకు చిరాకు. వాళ్లలో ఒకడు ఫోటో తీసి, ప్రశాంతమైన దారిలో ట్రాక్టర్ల గోల అని రాస్తాడు. మందు కొడుతుంటే ముక్కు మూసుకుని పంచాయతీకి చెబుతాడు. చివరికి మా పొలానికి మేం పోవడానికి వేళలు పెడతారు.

చెల్లెలు: అట్లా జరక్కుండా ఎట్లా రాసుకోవచ్చో చెబుతాను, కాస్త ఓపిగ్గా విను. ఇంగ్లండులో గుర్రాలు పోయే బాటలు పొలాల మధ్య వందల ఏళ్లుగా ఉన్నాయి. మన బండ్ల డొంకల్లాంటివే. వాటి మీద సైకిల్ తొక్కే హక్కు 1968లో చట్టంలో పెట్టారు. పెడుతూ ఒక షరతు రాశారు. నడిచే మనిషికీ, గుర్రం మీద పోయేవాడికీ సైకిల్‌వాడు దారి ఇచ్చి తీరాలి. అంటే సైకిల్ ఆ బాటకు చుట్టం. ఇంటివాడు కాదు.

బాబాయి: దారి ఇవ్వాలని చట్టంలోనే ఉందా?

చెల్లెలు: ఉంది. నేను అడిగేదీ అదే. గేదెకూ, ట్రాక్టరుకూ, నెత్తిన మూట పెట్టుకుని వచ్చే మనిషికీ సైకిల్ దిగి పక్కన నిలబడాలి. ఆ మాట బోర్డు మీద తెలుగులో మొదటి వరసలో ఉండాలి. ఏ నెలలో రాకూడదో కూడా ఉండాలి. శ్రావణం, భాద్రపదం రేగడి. మందు కొట్టే రోజుల్లో ఉదయం పూట వద్దు.

ఇంకోటి చెబుతాను. బెల్జియంలో లింబర్గ్ అనే ప్రాంతముంది. బొగ్గు గనుల ప్రాంతం. అక్కడ హ్యూగో బోలెన్ అనే గని ఇంజినీరు 1995లో ఒక ఏర్పాటు చేశాడు. కొత్త దారి ఏమీ వేయలేదు. ఉన్న పొలం దారులూ కాలువ గట్లూ కలిసే ప్రతి కూడలి దగ్గరా ఒక కర్ర పాతి ఒక నంబరు వేశాడు. నువ్వు నాలుగు నంబర్లు కాగితం మీద రాసుకుంటే చాలు, తప్పిపోకుండా పోయి రావచ్చు. గనిలో దారి తప్పకుండా పెట్టుకునే గుర్తుల్లాంటి ఆలోచన. ఇప్పుడు బెల్జియం, నెదర్లాండ్స్ అంతటా అదే పద్ధతి. మనకు కావాల్సిందల్లా డొంక డొంక కలిసే చోట ఒక రాయి, దాని మీద ఒక అంకె. సిమెంటు వద్దు, తారు వద్దు, గేటు వద్దు.

బాబాయి: రాయి పాతుతావు. రాయి వెనకాల ఏమొస్తుందో నాకు తెలుసు. ఏడాదికి ఒక వెంచరు బోర్డు. సైకిల్ దారి పక్కన ప్లాట్లు, వారాంతపు ఇళ్లు అని. పొలం రేటు పెరుగుతుంది, కౌలు రేటు పెరుగుతుంది. ఇక్కడ సేద్యం చేసేవాళ్లలో సొంత పొలమున్నోళ్లకన్నా కౌలోళ్లు ఎక్కువ. వాడి పని ఏమవుతుంది? అందమైన దారి అని పేరొచ్చిన చోట రైతు మిగలడు తల్లీ. తోట పెంచే మాలి మిగులుతాడు.

ఇక్కడ తాలు ఏరుతున్న పెద్దామె తలెత్తింది. అప్పటిదాకా అయిదుగురూ వింటూనే ఉన్నారు గానీ ఎవరూ మాట కలపలేదు.

పెద్దామె: కారంచేడు మీదుగా వచ్చావా అమ్మా?

చెల్లెలు: అవును పెద్దమ్మా. కట్ట మీద.

పెద్దామె: పొలాల్లో ఎవరూ లేరు, హాయిగా ఉందన్నావు. మా అమ్మ పుట్టిల్లు ఆ ఊరే. ఆ రోజు మావాళ్లు పరుగెత్తింది ఆ పొలాల్లోకేనమ్మా.

అంతే అని మళ్లీ కాయల్లోకి వంగింది. కల్లంలో కాసేపు ఎండు కాయల గలగల తప్ప మాట లేదు. ఇక్కడ నేను చెప్పాలి. 1985 జులై 17న కారంచేడులో భూస్వామ్య కులం వాళ్లు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. తాగే నీళ్ల చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్లు కడుగుతుంటే ఒక మాదిగ స్త్రీ అడ్డు చెప్పడంతో మొదలైన గొడవ అది. బతికినవాళ్లు ఊరు విడిచి చీరాల చేరి శిబిరంలో తలదాచుకున్నారు. దళిత మహాసభ పుట్టింది ఆ తర్వాతే. చీరాల నుంచి పర్చూరుకు తను వచ్చిన దారి వాళ్లు చీరాలకు నడిచిన దారికి ఎదురు దారి. నేను ఈ మండలంలో పుట్టి పెరిగినవాణ్ణి. ఆ కట్ట మీద ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. ఒక్కసారి కూడా ఆ సంగతి తలుచుకుంటూ పోలేదు. అందుకు సిగ్గుపడుతున్నాను.

చెల్లెలు: పెద్దమ్మా, ఆ దారికి రాయి పాతితే ఆ మాట కూడా రాయాలి. రాయకుండా ఊరికే అందం చూడండని పిలిస్తే తప్పు.

పెద్దామె: రాళ్ల సంగతి నాకు తెలవదు. మేం ఊరి నుంచి ఈ డొంకనే నడిచి వచ్చేవాళ్లం. ఇప్పుడు మధ్యలో దున్నేశారు, కంప కొట్టారు. చుట్టూ తిరిగి రోడ్డెక్కాలి. అందుకని ఆటో. ఒక్క ఆటోలో పద్నాలుగు మందిమి, చీకట్లో, లారీల మధ్య. ఎక్కినప్పుడల్లా దేవుడా అనుకుంటాం. డొంక ఉంటే నడుస్తాం. సైకిలోళ్లు వస్తారో రారో మీ ఇష్టం.

చెల్లెలు: విన్నావా బాబాయ్? మధ్యలో దున్నేశారంటోంది. నేను రాయి పాతకపోయినా నీ డొంక మిగలడం లేదు. ఇవాళ నాలుగుచోట్ల దిగి సైకిల్ని భుజాన వేసుకుని గట్టు దాటాను. రెండు చోట్ల డొంక ఉందని ముసలివాళ్లు చెప్పారు, చూస్తే శనగ పైరు.

బాబాయి కాసేపు పట్టా అంచు మీద ఇటుకలు పెడుతూ ఉండిపోయాడు.

బాబాయి: నేను పుట్టినప్పుడు మనది గుంటూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా అన్నారు, తర్వాత ప్రకాశం అన్నారు. 2022లో బాపట్ల. జిల్లాలు మారాయి, డొంకా మారింది. నా చిన్నప్పుడు డొంకలో రెండు బండ్లు ఎదురైతే దేనికదే తప్పుకుని పోయేవి. మధ్యలో ఆగి ఎద్దులకు నీళ్లు పెట్టుకునేంత వెడల్పు. దాన్ని ఏ దొంగా ఎత్తుకుపోలేదు. అటు రైతు ఏడాదికి ఒక చాలు, ఇటు రైతు ఏడాదికి ఒక చాలు. నాగలి పోయి ట్రాక్టరు వచ్చాక రెండేసి చాళ్లు. అడిగితే, అటువాడు కలుపుకున్నాడు గదా అంటారు.

చెల్లెలు: మనం?

బాబాయి: (చాలాసేపటికి) మనమూ కలుపుకున్నాం.

ఆ మాట బాబాయి నోట విన్నది నేను అదే మొదటిసారి. మా నాన్న బతికుండగా ఈ ప్రస్తావన వస్తే లేచి వెళ్లిపోయేవాడు.

చెల్లెలు: మరి దారులు పంచాయతీవే గదా. 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఉంది. 2020 డిసెంబరులో భూముల రీసర్వే మొదలైంది. డ్రోన్లు, రోవర్లు పెట్టి కొలుస్తున్నారు. కొలిచినప్పుడు కళ్ల ముందు కనిపించిన గట్టే ఖాయమైతే, డొంక ఇంక కాగితం మీద కూడా ఉండదు. ఇంగ్లండువాళ్లు 1949లో చట్టం చేసి ఊరూరా కాలిబాటలన్నీ పటం మీద ఎక్కించమన్నారు. ఊరి సంఘాలవాళ్లు బాట బాటా నడిచి గీశారు. అందుకే డెబ్బై ఏళ్ల తర్వాత కూడా అక్కడ రైతు బాటను దున్నితే మళ్లీ వేసి తీరాలి. నేను బయటివాళ్లను పిలవడానికి కారణం ఇదే. వాడకం ఉన్న దారిని కలుపుకోవడం కష్టం. వారానికి పదిమంది సైకిళ్ల మీద పోతుంటే, కంప కొట్టేవాడి చెయ్యి ఆగుతుంది.

బాబాయి: అది పొరపాటు. వాడకం అంటే ఈమె నడక. (పెద్దామె వైపు చూపించాడు.) ఈమె రోజూ నడిచింది, అయినా కంప కొట్టారు. ఈమె అడిగితే వినని ఊరు, నువ్వు అడిగితే వింటుందా? వింటే మరీ తప్పు.

చెల్లెలు: తప్పే. కానీ వింటే, ఆ దారి ఈమెకు కూడా మిగులుతుంది గదా.

నేను ఇక్కడ ఎవరి పక్షమో చెప్పాలి. ఈ విషయంలో నేను చెల్లెలి వైపు. ఒక దారి ఎవరి పుణ్యాన మిగిలిందన్నది తర్వాత తేల్చుకోవచ్చు, ముందు అది మిగలాలి. కౌలు రేటు దగ్గర మాత్రం బాబాయి వైపు. ప్లాట్ల బోర్డులు వచ్చాక వెనక్కి పోయిన ఊరిని నేను ఈ చుట్టుపక్కల చూడలేదు.

రాత్రి అన్నాల దగ్గర మాట మోటుపల్లి మీదికి మళ్లింది.

చెల్లెలు: కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో శాసనం వేయించాడు. అభయ శాసనం. అంతకుముందు తుఫానుకు ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే రాజులు సరుకంతా లాక్కునేవాళ్లు. ఇక అట్లా చేయం, మీ సరుకు మీదే, నిర్ణీత సుంకం ఒక్కటీ కట్టండి, నిర్భయంగా రండి అని రాతి స్తంభం మీద చెక్కించాడు. దూరం నుంచి వచ్చేవాడికి భరోసా ఇచ్చిన నేల ఇది. సైకిల్ మీద వచ్చేవాడికి ఒక రాయి ఎక్కువా?

బాబాయి: సుంకం సంగతి నువ్వే చెప్పావు. ఓడవాడు సుంకం కట్టాడు. నీ సైకిలోళ్లు ఊరికి ఏం కడతారు?

చెల్లెలు: ఊళ్లో తింటారు, పడుకుంటారు. కారులో పోయేవాడు చిలకలూరిపేటలో ఆగితే మళ్లీ ఒంగోలులోనే ఆగుతాడు. సైకిల్ తొక్కేవాడికి పదిహేను కిలోమీటర్లకోసారి ఆకలి. నూతలపాడులో టీ, ఇంకో ఊళ్లో ఇడ్లీ. పంక్చరు అయితే షాపు.

బాబాయి: ఏ షాపు? పర్చూరులోనే సైకిల్ షాపులు ఎన్ని మూతపడ్డాయో చూడు. ఒకప్పుడు అద్దె సైకిలు గంటకు పావలా. నూతుల దగ్గర, బడి దగ్గర, సినిమా హాలు దగ్గర సైకిళ్లే. చీరాల నుంచి చీరల మూట కట్టుకుని సైకిల్ మీదే ఊరూరా తిరిగేవాళ్లు. పుచ్చలపల్లి సుందరయ్యగారు పార్లమెంటుకు సైకిల్ మీద పోయాడని మేం గొప్పగా చెప్పుకునేవాళ్లం. ఆయన ఎంపీ అయ్యి సైకిల్ వదల్లేదు. మనవాళ్లు బండి కొనడానికి సైకిల్ వదిలారు. ఇప్పుడు దాని మీద కనపడేది ఇద్దరే. బండి కొనలేనివాడు, నీలాగా లక్ష పెట్టి సైకిల్ కొన్నవాడు.

చెల్లెలు: ఆ ఇద్దరూ ఒకే దారిలో పోవాలనే గదా బాబాయ్ నా గోల. తమిళనాడు పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో వేలాది పల్లెటూరి ఆడవాళ్లు సైకిల్ నేర్చుకున్నారు. కూలీలు, రాళ్లు కొట్టేవాళ్లు. బస్సు కోసం, మగవాడి కోసం ఎదురుచూడకుండా నీళ్లకు, సంతకు, పనికి పోయారు. ఆ పెద్దామె పద్నాలుగు మందితో ఆటో ఎక్కుతోంది. డొంక ఉండి, చేతిలో సైకిల్ ఉంటే?

బాబాయి జవాబు చెప్పకుండా చెయ్యి కడుక్కున్నాడు. కడుక్కుని, అటక మీదున్న రేకు పెట్టె దించమన్నాడు నన్ను.

పెట్టెలో, ఎప్పుడో గట్టు తగాదా వచ్చినప్పుడు సర్వేయరు దగ్గర తీసుకున్న ఎఫ్ఎంబీ (పొలం కొలతల పటం) నకలు ఉంది. మడతల దగ్గర చిరిగింది. మన పొలం నంబరు పక్కన రెండు సమాంతర గీతలు, మధ్యలో ‘డొంక’ అని చేతిరాత. వెడల్పు యాభై లింకులు. అంటే ముప్ఫై మూడడుగులు. బాబాయి ఆ కాగితాన్ని దీపం వైపు పట్టుకుని చాలాసేపు చూశాడు.

తెల్లారి మేం ముగ్గురం టేపు పట్టుకుని పోయాం. అవతలి వైపు ఒక పాత సర్వే రాయి బయటపడే ఉంది, తుమ్మ మొదట్లో. చెల్లెలు అక్కడ టేపు కొస పట్టుకుంది. నేను చుట్ట విప్పుకుంటూ ఇవతలికి నడిచాను. ఇప్పుడు మిగిలిన డొంక పదకొండు అడుగులు. అవతలి రైతు కలుపుకున్నది తొమ్మిది చిల్లర. మిగతాది మన వైపు. టేపు మన గట్టు దాటింది, గట్టు మీది కంది మొక్క దాటింది, మిరపలోకి దిగింది. బాబాయి వంగి సాళ్లు లెక్కపెట్టాడు.

బాబాయి: నాలుగు సాళ్లు. నాలుగో దాంట్లో సగం.

చెల్లెలు ఏమీ అనలేదు.

బాబాయి: మూడో కోత ఇంకా ఉంది. కాయ పచ్చిగానే ఉంది. ఏప్రిల్ దాకా ఆగాలి.

చెల్లెలు: ఆగుతాను.

బాబాయి: అవతలివాడికి నేను చెప్పలేను. నా సాళ్లు పీకాక వాడే చూస్తాడు. పంచాయతీకి అర్జీ నువ్వు రాయి. సైకిల్ అని మొదటి వరసలో రాయొద్దు. ఊళ్లో ఆడవాళ్లు పనికి నడిచే దారి అని రాయి. ఆమె చేత వేలిముద్రో సంతకమో పెట్టించు.

చెల్లెలు: సైకిల్ ఎన్నో వరసలో రాయను?

బాబాయి: ముందు బడి పిల్లల్ని రాయి. తర్వాత రాసుకో.

చీరాలలో తన రైలుకు రెండు గంటలే టైముంది. డొంకల్లో పోతే అందదు. మెయిన్ రోడ్డునే బయల్దేరింది. నేను బండి తీసుకుని కారంచేడు దాటేదాకా దాని వెనకాలే, వెనక నుంచి వచ్చే లారీలకూ దానికీ మధ్య, సైకిల్ వేగానికి పోయాను. నా వెనక హారన్లు మోగుతూనే ఉన్నాయి.